సిలికాన్ బ్యాటరీ పది రెట్లు అంటున్నారు, మరి ఫోన్ పది రోజులు ఎందుకు రాదు?

మీరు అడిగినవి నాలుగు. సిలికాన్-కార్బన్ బ్యాటరీ ఫోన్ కొంటే రెండేళ్లకే ఉబ్బిపోతుందని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా. గ్రాఫైట్ కంటే సిలికాన్ పది రెట్లు చార్జి పట్టేదైతే ఫోన్ పది రోజులు ఎందుకు రావట్లేదు. ఈ బ్యాటరీ స్కూటర్లలోకి వచ్చేదాకా ఆగాలా. చివరగా, మీ తమ్ముడి బ్యాచ్ వాళ్లు వరి ఊక నుంచి సిలికాన్ తీసి ఫైనలియర్ ప్రాజెక్టుగా బ్యాటరీ చేద్దామనుకుంటున్నారు, పనికొస్తుందా. నేను లిథియం సెల్స్ తయారీ, టెస్టింగ్ పనిలో చాలాకాలంగా ఉన్నాను, అందులోనూ ఎక్కువగా ఆనోడ్ వైపే, అంటే చార్జింగ్‌లో లిథియం వెళ్లి చేరే వైపు, గ్రాఫైట్ గానీ సిలికాన్ గానీ ఉండేది అక్కడే. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఫోన్ సంగతి మాత్రమే కావలసినవాళ్లు మధ్యలోకి వెళ్లిపోవచ్చు.

ముందు ఆ పది రెట్ల లెక్క తేల్చుకుందాం, మిగతా గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. గ్రాఫైట్‌లో ఒక లిథియం కూర్చోవాలంటే ఆరు కార్బన్ పరమాణువులు కావాలి. సిలికాన్ అలా కాదు, ఒక్కో సిలికాన్ పరమాణువు మామూలు ఉష్ణోగ్రతలో 3.75 లిథియంల దాకా పట్టుకుంటుంది. గ్రాముకు లెక్కేస్తే గ్రాఫైట్‌ది 372 ఎంఏహెచ్, సిలికాన్‌ది 3,579. చాలా చోట్ల 4,200 అని రాస్తారు, అది 400 డిగ్రీల పైన వేడిలో ఏర్పడే మిశ్రమం లెక్క, జేబులో పెట్టుకునే ఫోన్‌కి దాంతో పని లేదు. అయితే ఈ పది రెట్లు ఆనోడ్‌లో వేసే పొడికి మాత్రమే. బ్యాటరీలో అటువైపు కాథోడ్ ఉంది, లిథియం వచ్చేదే అక్కడి నుంచి, అది గ్రాముకు 200 ఎంఏహెచ్ ఇస్తే గొప్ప.

కాగితం తీసుకుని వేసి చూడండి. 1,000 ఎంఏహెచ్ సెల్‌కి నికెల్ రకం కాథోడ్ పొడి 5 గ్రాములు కావాలి. ఆనోడ్ గ్రాఫైట్ అయితే, ఆచరణలో వచ్చే 350తో లెక్కేసుకుంటే 2.86 గ్రాములు. మొత్తం 7.86. ఇప్పుడు గ్రాఫైట్ తీసేసి గ్రాముకు 1,500 ఇచ్చే సిలికాన్-కార్బన్ పొడి వేస్తే ఆనోడ్ 0.67 గ్రాములకు పడిపోతుంది, మొత్తం 5.67. సరే, ఇంకా ముందుకెళ్లి 3,500 ఇచ్చే శుద్ధమైన సిలికాన్ వేద్దాం, ఆనోడ్ 0.29, మొత్తం 5.29. చూశారా, గ్రాఫైట్ నుంచి 1,500 దాకా వచ్చేసరికే లాభమంతా వచ్చేసింది, అక్కడి నుంచి 3,500 దాకా పడిన కష్టానికి మిగిలింది 0.38 గ్రాములు. దీని మీద రాగి రేకు, అల్యూమినియం రేకు, ఆనోడ్‌నీ కాథోడ్‌నీ తగలకుండా ఉంచే సెపరేటర్, లిథియం అటూ ఇటూ కదిలే ద్రవం ఎలక్ట్రోలైట్, పైన కవరు, ఇవన్నీ ఎలాగూ ఉంటాయి కాబట్టి సెల్ మొత్తం మీద కనిపించే లాభం ఇంకా తగ్గుతుంది. అందుకే ఈ రంగంలో తెలిసినవాళ్లు ఎవరూ 3,579 వెనక పరిగెత్తరు. 1,500 దగ్గర ఆగి, అది ఎన్నాళ్లు బతుకుతుందో చూస్తారు.

ఫోన్‌లో బరువు కంటే చోటు ముఖ్యం, అక్కడ లెక్క ఇంకో రకంగా దెబ్బతింటుంది. లిథియం నిండిన సిలికాన్ తన అసలు సైజుకు దాదాపు నాలుగింతలవుతుంది. గ్రాఫైట్ పెరిగేది పది శాతం చిల్లర. ఉబ్బిన తర్వాతి సైజు ప్రకారం చూస్తే సిలికాన్ ఘన సెంటీమీటరుకు సుమారు 2,190, గ్రాఫైట్ సుమారు 720. అంటే పది కాస్తా మూడయింది. అదీ ఆనోడ్ వరకే. పైగా ఫోన్లలో ఇప్పుడు వస్తున్నవి ఆనోడ్ మొత్తం సిలికాన్ చేసినవి కావు, గ్రాఫైట్‌లో కొంత శాతం సిలికాన్-కార్బన్ కలిపినవి. పాత 5,000 ఎంఏహెచ్ చోటులోకి 6,000 వచ్చి కూర్చుందంటే కారణం ఇదే, అంతకు మించి వారం రోజుల చార్జింగ్ ఆశించడం అత్యాశ.

ఇక అసలు రోగం. నాలుగింతలు ఉబ్బడం అనగానే అందరూ పగుళ్ల గురించే మాట్లాడతారు. అదీ ఉంది. కొన్ని వందల సైకిల్స్ (ఒక చార్జింగ్, ఒక డిశ్చార్జి కలిపితే ఒక సైకిల్) తిరిగిన సెల్‌ని గాలి, తేమ తగలని గ్లవ్ బాక్స్‌లో విప్పి ఆనోడ్ రేకు పరిస్తే, సరిగ్గా చేయని సిలికాన్ ఎలక్ట్రోడ్ వేసవిలో ఎండిన చెరువు అడుగులాగా పెంకులు పెంకులుగా నెర్రెలు విచ్చి ఉంటుంది, చిమ్టాతో తాకితే ఆ నల్లటి పెంకు లేచి వస్తుంది, కింద రాగి మెరుస్తూ కనబడుతుంది. రాగిని వదిలేసిన ఆ ముక్కకు కరెంటు అందదు, దానిలో ఉన్న లిథియం దానిలోనే ఉండిపోతుంది. కానీ దీన్ని చాలావరకు దారికి తెచ్చారు. రేణువును చిన్నది చేస్తే పగలదు, స్ఫటిక సిలికాన్ రేణువు 150 నానోమీటర్ల లోపు ఉంటే ఉబ్బినా విరగదని 2012లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి చెప్పారు. మొండిగా మిగిలింది ఇంకొకటి.

ఆనోడ్ పనిచేసే వోల్టేజీ దగ్గర ఎలక్ట్రోలైట్ నిలవదు, విడిపోయి ఆనోడ్ మీద పల్చని పొర కడుతుంది. దాన్ని ఎస్‌ఈఐ అంటారు. గ్రాఫైట్ మీద ఈ పొర మొదటి చార్జింగ్‌లో ఏర్పడి, ఆ తర్వాత దాదాపు స్థిరపడిపోతుంది, లోపల ఉన్నదాన్ని కాపాడుతుంది. సిలికాన్ ప్రతి చార్జింగ్‌లో ఉబ్బి, ప్రతి డిశ్చార్జిలో కుంచించుకుపోతుంటే ఆ పొర చిరుగుతుంది, కొత్త సిలికాన్ బయటపడుతుంది, దాని మీద మళ్లీ పొర కట్టాలి. ఆ పొర కట్టడానికి ఖర్చయ్యేది లిథియం, ఎలక్ట్రోలైట్. సెల్ సీల్ చేసిన రోజు లోపల ఎంత లిథియం ఉందో అంతే, మళ్లీ పోసేది లేదు. రేణువును నానో సైజు చేస్తే పగుళ్లు ఆగుతాయి గానీ ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది, పొర కట్టాల్సిన చోటు పెరుగుతుంది, అంటే ఒక జబ్బుకి ఇచ్చిన మందు ఇంకో జబ్బును పెంచుతుంది. ఇరవై ఏళ్ల సిలికాన్ పరిశోధన అంతా ఈ రెంటి మధ్య బేరమే.

ఈ నష్టాన్ని కొలిచేది కూలంబిక్ ఎఫిషియెన్సీ. లోపలికి 100 పెడితే బయటికి ఎన్ని వచ్చాయి అన్నమాట. ఏ కంపెనీ ప్రెజెంటేషన్ చూసినా, ఏ పేపర్ చదివినా నేను ముందు వెతికేది ఈ అంకెనే, గ్రాముకు ఎంత అన్నది కాదు. 99.9 శాతం అని రాస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. 0.999ని 500 సార్లు గుణించండి, 0.61 వస్తుంది. అంటే రోజుకొకసారి చార్జింగ్ పెడితే ఏడాదిన్నర తిరక్కుండానే 40 శాతం లిథియం పొరల పాలు. అదే 99.98 అయితే 500 సైకిల్స్‌కి 90 శాతం మిగులుతుంది. 800 సైకిల్స్ తర్వాత 80 శాతం ఉండాలంటే ప్రతి సైకిల్‌కీ 99.97 దాటాలి. పాయింటు తర్వాత రెండో అంకె దగ్గర ఉద్యోగాలు, కంపెనీలు, కోట్ల పెట్టుబడులు ఊగుతుంటాయి ఈ ఫీల్డ్‌లో.

మరి ఎలా గట్టెక్కారు అంటే, ఒక్క దెబ్బతో కాదు. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ కుయ్ బృందం స్టీలు రేకు మీద సిలికాన్ నానోవైర్లు పెంచి, అవి ఉబ్బినా పక్కన ఖాళీ ఉంటుంది కాబట్టి విరగవని చూపించింది, నేచర్ నానోటెక్నాలజీలో వచ్చిన ఆ పేపర్‌తో ఈ సబ్జెక్టు మీద అందరూ పడ్డారు. ఆయన స్థాపించిన ఆంప్రియస్ కంపెనీ సెల్స్ ఇప్పుడు కిలోకు 450 వాట్-అవర్లు దాటాయి, మామూలు మంచి సెల్ 250-300 దగ్గర ఉంటుంది. ఎయిర్‌బస్ వాళ్ల జెఫైర్ అనే సోలార్ డ్రోన్‌లో ఆంప్రియస్ సెల్సే వాడారు. 2022లో జెఫైర్ 64 రోజులు దిగకుండా ఎగిరింది. గమనించండి, 64 రోజులంటే పగలు చార్జింగ్, రాత్రి వాడకం, మొత్తం 64 సైకిల్స్. బరువే ప్రాణమైన చోట, ఎక్కువ సైకిల్స్ అక్కర్లేని చోట సిలికాన్‌కి ఎదురులేదు. మీ స్కూటర్ కథ అది కాదు.

బైండర్ సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఆనోడ్ పొడిని రాగి రేకుకు అంటించే జిగురు అది, బరువులో కొద్ది శాతమే. గ్రాఫైట్‌కి ఒకప్పుడు వాడిన పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ సిలికాన్‌తో అస్సలు పనిచేయదు, ఉబ్బినప్పుడు సాగి వదిలేస్తుంది. 2011లో జార్జియా టెక్ నుంచి గ్లెబ్ యూషిన్, ఆయన సహచరులు గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను బైండర్‌గా వాడి సైన్స్ పత్రికలో వేశారు, ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి కలిపేది అదే పదార్థం. పాలీ యాక్రిలిక్ యాసిడ్, సెల్యులోజ్ నుంచి చేసే సీఎంసీ లాంటివీ ఇలాగే పనిచేస్తాయి, వాటి గొలుసుల మీద ఉండే యాసిడ్ గ్రూపులు సిలికాన్ పైపొరను గట్టిగా పట్టుకుంటాయి. ల్యాబ్‌లో పొడి మార్చకుండా బైండర్ ఒక్కటే మార్చి చూస్తే, ఇరవై సైకిల్స్‌కి చచ్చే ఎలక్ట్రోడ్ వందలు లాగుతుంది. యూషిన్ కూడా వ్యవస్థాపకుడిగా ఉన్న సిలా కంపెనీ 2021లో వూప్ అనే ఫిట్‌నెస్ బ్యాండ్‌లో తన సిలికాన్ ఆనోడ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. చేతి పట్టీతో మొదలుపెట్టడం తెలివైన పని, చిన్న సెల్, తక్కువ చోటు, ధర ఎవరూ అడగరు.

కార్లలో దీన్ని చాలా ముందే చాటుగా వాడేశారు. 2015 జులైలో టెస్లా మోడల్ ఎస్‌కి 90 కిలోవాట్-అవర్ల ప్యాక్ తెచ్చినప్పుడే ఆనోడ్‌లో కొంచెం సిలికాన్ కలిపామని మస్క్ చెప్పాడు. ఇలా కొద్ది శాతం కలిపేది ఎక్కువగా సిలికాన్ ఆక్సైడ్ రకం. అందులో ఉన్న ఆక్సిజన్ మొదటి చార్జింగ్‌లోనే లిథియాన్ని తిని లిథియం ఆక్సైడ్, సిలికేట్లుగా మారిపోతుంది, అవి ఉబ్బుకు అడ్డుగా నిలబడతాయి. బాగుంది గానీ మొదటి సైకిల్‌లోనే పావు వంతు లిథియం అలా పోతుంది, గ్రాఫైట్‌కి అయితే పది శాతం లోపే. ఆ నష్టం పూడ్చడానికి ముందే లిథియం ఎక్కించడం అని ఇంకో ప్రాసెస్, ఇంకో ఖర్చు.

ఇప్పుడు ఫోన్లలో వస్తున్నది దాని తర్వాతి తరం. సన్నసన్నని రంధ్రాలున్న కార్బన్ తీసుకుని, సిలేన్ వాయువు పంపిస్తే రంధ్రాల లోపల సిలికాన్ పేరుకుంటుంది, కొంత ఖాళీ వదిలేస్తారు, ఉబ్బుడు ఆ ఖాళీలోనే సర్దుకుంటుంది, బయటి గింజ సైజు పెద్దగా మారదు. ఎలక్ట్రోలైట్‌కి కనిపించేది కార్బన్ గోడ, లోపలి సిలికాన్ కాదు, కాబట్టి పొర ప్రతిసారీ చిరగదు. ఇందాక చెప్పిన పగుళ్లకీ పొరకీ మధ్య బేరంలో ఇంతవరకు వచ్చినవాటిలో మంచి రాజీ ఇదేనని నా అభిప్రాయం. అమెరికాలో గ్రూప్14, చైనాలో చాలా కంపెనీలు ఈ దారిలోనే ఉన్నాయి. చిక్కు సిలేన్‌తో. గాలి తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుండా దానంతటదే అంటుకునే వాయువు అది, ప్లాంటు కట్టడం, నడపడం రెండూ ఖరీదే. "సిలికాన్ అంటే ఇసుకే కదా, చవకే" అని కామెంట్లలో రాసేవాళ్లు ఈ ప్లాంటు గేటు దాకా వెళ్తే మాట మార్చేస్తారు.

ఇంకో పూర్తిగా వేరే దారి కూడా ఉంది, ఉబ్బితే ఉబ్బనీ, గట్టిగా పట్టుకుని నొక్కుదాం అని. ఎనోవిక్స్ అనే కంపెనీ వాళ్లు ఎలక్ట్రోడ్లను మామూలుగా పేర్చే దిశకు అడ్డంగా తిప్పి, చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు బిగింపు పెట్టారు, ఉబ్బే బలం సెల్ వెడల్పాటి ముఖం మీద కాకుండా చిన్న వైపు పడుతుంది కాబట్టి ఆపడం తేలిక. దాని సీఈఓ రాజ్ తాళ్లూరి ఆంధ్రా యూనివర్సిటీలో బీఈ చదివినాయన, కంపెనీకి హైదరాబాద్‌లో ఆర్ అండ్ డీ సెంటర్ కూడా ఉంది.

ఫోన్ విషయానికొస్తే, సిలికాన్-కార్బన్ ఫోన్ కొనడానికి భయపడాల్సిన పని లేదు. 2023 మార్చిలో హానర్ మ్యాజిక్5 ప్రో చైనా మోడల్‌తో ఇది మొదలైంది, దానిలో 5,450 ఎంఏహెచ్ ఉంటే బయటి దేశాల మోడల్‌లో 5,100 పెట్టారు. తర్వాత వన్‌ప్లస్, వివో, రియల్‌మీ అన్నీ అటే వెళ్లాయి, 2025లో మన దగ్గర మధ్య రేంజి ఫోన్లలోనే 7,000 దాటింది. ఒకే ఫోన్‌కి దేశాన్నిబట్టి బ్యాటరీ ఎందుకు మారుతుంది అని చాలామందికి డౌటు. దానికో కారణం రవాణా నిబంధనలు, ఒక్కో సెల్ 20 వాట్-అవర్లు దాటితే ప్రమాదకర సరుకు కింద కట్టుదిట్టమైన రూల్స్ పడతాయి, 20ని 3.87 వోల్టులతో భాగిస్తే సుమారు 5,170 ఎంఏహెచ్. ఆ గీత దాటకుండా ఉండటానికే కొందరు లోపల రెండు సెల్స్ పెడతారు.

"ఉబ్బిపోతుంది" అన్న భయం రెండు వేర్వేరు సంగతులను కలిపేయడం వల్ల పుట్టింది. సిలికాన్ రేణువు నాలుగింతలవడం అనేది రేణువు లోపలి సంగతి, చార్జింగ్‌లో పెరిగి డిశ్చార్జిలో తగ్గుతుంది, ఖాళీలు, గ్రాఫైట్, బైండర్ అన్నీ సర్దుకోగా సెల్ మందంలో కనిపించేది కొద్దిపాటి తేడా, డిజైనర్ దానికి చోటు వదిలిపెట్టే ఉంటాడు. రిపేర్ షాపులో వెనక అద్దం లేచి వచ్చిన ఫోన్ చూపించి బ్యాటరీ ఉబ్బింది అంటారే, అది గ్యాస్. ఎలక్ట్రోలైట్ విడిపోయి కవరు లోపల గాలి నిండటం. గ్రాఫైట్ బ్యాటరీలోనూ అంతే అవుతుంది. ఫోన్ వేడిలో ఉంటే, నూటికి నూరు చార్జింగ్‌లో గంటల తరబడి ఉంటే, చవక రకం డూప్లికేట్ బ్యాటరీ వేయిస్తే వస్తుంది. ఒక్క మెలిక ఏమిటంటే, సిలికాన్ సెల్స్‌లో పొర గట్టిపడటానికి ఎఫ్‌ఈసీ అనే పదార్థం ఎలక్ట్రోలైట్‌లో ఎక్కువ పాళ్లలో కలుపుతారు, అది వేడిలో త్వరగా విడిపోతుంది, అయిపోయాక సెల్ మెల్లగా కాదు, ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి వేడి విషయంలో సిలికాన్ ఫోన్‌ని గ్రాఫైట్ ఫోన్ కంటే కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి మ్యాప్ ఆన్ చేసి, చార్జింగ్ పెట్టి ఖమ్మం దాకా వెళ్తామంటే ఏ బ్యాటరీ అయినా ఏం చేస్తుంది.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు, ఇది సిలికాన్ కలిసిన బ్యాటరీలకే ప్రత్యేకం. డిశ్చార్జి అయ్యేటప్పుడు ముందు లిథియం ఇచ్చేది గ్రాఫైట్, సిలికాన్ తన వంతు ఎక్కువగా చివర్లో ఇస్తుంది, ఎందుకంటే రెండింటి వోల్టేజీలు వేరు. అంటే 30 శాతం కిందికి దిగాక కుంచించుకుపోయే కష్టమంతా సిలికాన్ పడుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు సిలికాన్ కలిసిన ఎల్జీ సెల్స్‌ని 0 నుంచి 30 శాతం మధ్యనే తిప్పి చూస్తే, గ్రాఫైట్ బాగానే ఉంది, సిలికాన్ మాత్రం వేగంగా పనికిరాకుండా పోయింది. మన ఇళ్లలో ఫోన్ స్విచాఫ్ అయ్యేదాకా వాడి, అప్పుడు గానీ చార్జింగ్ పెట్టకూడదు అనే పాత నమ్మకం ఒకటుంది, నికెల్ బ్యాటరీల కాలం నాటిది. సిలికాన్ ఫోన్‌కి అది అన్నిటికంటే చెడ్డ అలవాటు. 20 దాకా వచ్చేసరికి పెట్టేయండి, 80-90 దగ్గర తీసేయడానికి సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, అంతకు మించి టెన్షన్ వద్దు. ఫాస్ట్ చార్జింగ్‌కి సిలికాన్ నిజానికి మంచిదే, దాని వోల్టేజీ కాస్త పైన ఉంటుంది కాబట్టి లిథియం లోహంగా పేరుకుపోయే ప్రమాదం గ్రాఫైట్ కంటే తక్కువ.

కొనేముందు ఒక పని చేయొచ్చు. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సైకిల్స్ తర్వాత 80 శాతం నిలబడాలని రూల్ వచ్చింది, ఎన్ని సైకిల్స్ వస్తాయో ఎనర్జీ లేబుల్ మీద వేయాలి. మీకు నచ్చిన మోడల్ అక్కడ అమ్ముతుంటే ఆ లేబుల్ వెతికి చూడండి. ఇక్కడి వేరియంట్ బ్యాటరీ వేరే సైజు కావచ్చు, అయినా ఆ కంపెనీ తన సెల్ మీద ఎంత ధైర్యంగా ఉందో తెలుస్తుంది.

స్కూటర్ కోసం ఆగొద్దు. ఫోన్ మూడేళ్లు వాడి మార్చేస్తాం, బండి ఏడెనిమిదేళ్లు ఉండాలి, కారు ఇంకా ఎక్కువ. సైకిల్స్ కంటే ఇక్కడ ఇబ్బంది పెట్టేది క్యాలెండర్ ఏజింగ్, అంటే బండి కదలకుండా ఎండలో నిలబడి ఉన్నా లోపల పొర పెరుగుతూనే ఉండటం. సిలికాన్ మీద పొర గ్రాఫైట్ మీద ఉన్నంత శాంతంగా ఉండదు, మెల్లగా కరుగుతుంది, మళ్లీ కడుతుంది. 2021లో అమెరికా నేషనల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు నేచర్ ఎనర్జీలో ఇదే ఎత్తి చూపారు, అందరూ సైకిల్స్ లెక్కబెడుతున్నారు, ఊరికే పెట్టి ఉంచితే ఏమవుతుందో చూడట్లేదు అని. వేడి దీన్ని ఎక్కువ చేస్తుంది, రామగుండంలో 45 డిగ్రీల ఎండలో పార్క్ చేసిన బండి బ్యాటరీకి ఆ సమస్య పుస్తకంలోది కాదు. పైగా మన స్కూటర్‌కి కావలసింది ధర తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్‌తో గ్రాఫైట్ ఆ పని బాగానే చేస్తోంది. సిలికాన్ శాతం మెల్లమెల్లగా పెరుగుతూ ఎలాగూ వస్తుంది, డబ్బా మీద రాయకుండానే వస్తుంది. ఇప్పుడు బండి అవసరముంటే ఇప్పుడే కొనుక్కోండి.

ఇక ఊక. ఏటా ఏదో ఒక కాలేజీ నుంచి "వరి ఊకతో బ్యాటరీ" అని పేపర్లో ఫోటో పడుతుంది, మిర్యాలగూడ మిల్లుల చుట్టూ గుట్టలు చూసినవాళ్లకి ఆశ పుట్టడం సహజమే. శాస్త్రం తప్పు కాదు. ఊక కాల్చిన బూడిదలో అత్యధిక భాగం సిలికా, దాన్ని మెగ్నీషియం పొడితో కలిపి గాలి తగలకుండా 650 డిగ్రీల దగ్గర వేడిచేస్తే సిలికాన్ వస్తుంది, ఊకలో సహజంగా ఉన్న సన్న రంధ్రాల నిర్మాణం కూడా కొంత నిలబడుతుంది. కొరియా వాళ్లు 2013లో ఇది చేసి చూపించారు. చిక్కల్లా ఖర్చు దగ్గర. 60 గ్రాముల సిలికా నుంచి 28 గ్రాముల సిలికాన్ రావాలంటే 48.6 గ్రాముల మెగ్నీషియం కావాలి, అంటే కిలో సిలికాన్‌కి కిలోముప్పావు మెగ్నీషియం, అదీ ఏమీ వృథా కాకపోతే. తర్వాత మెగ్నీషియం ఆక్సైడ్ పోవడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్, మిగిలిన సిలికా పోవడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. తమాషా ఏమిటంటే ప్రపంచంలో మెగ్నీషియం ఎక్కువగా తయారయ్యేది డోలమైట్‌ని ఫెర్రోసిలికాన్‌తో కాల్చి. అంటే సిలికాన్ ఖర్చుపెట్టి మెగ్నీషియం చేసి, ఆ మెగ్నీషియం ఖర్చుపెట్టి ఊక నుంచి మళ్లీ సిలికాన్ తీయాలి. ఊక ఉచితమే, మిగతావేవీ ఉచితం కాదు.

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గురించి వేరే చెప్పాలి. కాలేజీ ల్యాబ్‌లో దాని జోలికి పోవద్దు. చర్మం మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. మెగ్నీషియం పొడి వేడిచేయడం కూడా మామూలు మఫుల్ ఫర్నేస్‌లో చేసే పని కాదు, గాలి బదులు ఆర్గాన్ వాయువు ఉండాలి.

మీ తమ్ముడికి నా సలహా, సిలికాన్ తయారు చేయడం మానేసి కొన్న సిలికాన్‌తో బైండర్ల మీద చేయమనండి. సోడియం ఆల్జినేట్, సీఎంసీ, పాలీ యాక్రిలిక్ యాసిడ్, మూడూ చవక, మూడూ నీళ్లలో కరుగుతాయి, స్లర్రీకి, అంటే రేకు మీద పూసే ముద్దకి, విషపు సాల్వెంట్ అక్కర్లేదు. పది శాతం సిలికాన్, మిగతా గ్రాఫైట్, అదే రాగి రేకు, అదే మందం, బైండర్ ఒక్కటే మార్చాలి. గ్లవ్ బాక్స్, సెల్స్‌ని చార్జి-డిశ్చార్జి చేసి కొలిచే సైక్లర్ కాలేజీలో లేకపోతే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్, కారైకుడిలో సెక్రి, ఇలాంటి పరిశోధన సంస్థల్లో గైడ్ ద్వారా మెయిల్ పెట్టించండి, ముందే స్లాట్ దొరక్కపోతే సెమిస్టర్ అక్కడే అయిపోతుంది.

ల్యాబ్‌లో పరీక్షకి వాడే బిళ్లలాంటి కాయిన్ సెల్ చేసేటప్పుడు ఒక మోసం ఉంటుంది, అది ముందే తెలియాలి. విద్యార్థులు చేసేది హాఫ్ సెల్, ఒకవైపు సిలికాన్, ఇంకోవైపు లిథియం లోహపు బిళ్ల. ఆ బిళ్లలో కావలసినదానికి ఎన్నో రెట్లు లిథియం ఉంటుంది, సిలికాన్ ఎంత తిన్నా అది పోస్తూనే ఉంటుంది, అందుకని గ్రాఫు సమంగా, అందంగా వస్తుంది. అదే ఆనోడ్‌ని నిజమైన కాథోడ్ ముందు పెట్టి ఫుల్ సెల్ చేస్తే యాభై సైకిల్స్‌కే చతికిలపడుతుంది. కనీసం మూడు ఫుల్ సెల్స్ చేసి, ఆనోడ్ కెపాసిటీ కాథోడ్ కంటే పది శాతం ఎక్కువ ఉండేలా చూసుకోమనండి. రిపోర్టులో చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు పూశారో, ఎలక్ట్రోలైట్ ఎన్ని మైక్రోలీటర్లు వేశారో రాయాలి. అరమిల్లీగ్రాము పూసి, ఎలక్ట్రోలైట్ మునిగేలా పోసి, గ్రాముకు 3,000 వచ్చిందని రాస్తే వైవాలో తెలిసిన ఎక్స్‌టర్నల్ ఎవరైనా మొదటి ప్రశ్నకే పట్టేస్తాడు. సగం సెల్స్‌ని పూర్తి చార్జిలో 45 డిగ్రీల ఓవెన్‌లో రెండు వారాలు వదిలేసి, తీశాక ఎంత మిగిలిందో కొలిస్తే ఇంకా మంచిది, అది అందరూ చేసే ప్రయోగం కాదు, దానికి వాళ్ల దగ్గర పెద్ద పరికరాలు కూడా అక్కర్లేదు. స్లర్రీ కలిపాక రేకు మీద పూతలో బుడగలు వస్తుంటే, లేదా అంచులు లేస్తుంటే ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.